సున్నాలో ఇరవై శాతం

మనిషికి మనిషి కృతజ్ఞత చెప్పుకోవడమన్నది ఇక మీదట మనుషుల ఇష్టానికి వదిలేయదగ్గ పని కాదని విమానాశ్రయంలోని ఆ లాంజి యాజమాన్యం తీర్మానించింది. తీర్మానించి ఊరుకోలేదు. నలభై ఒక్క నిబంధనలతో ఒక కృతజ్ఞతా నియమావళి అచ్చు వేయించింది. దానికొక శాఖ పెట్టింది. ఆ శాఖకొక అధికారిని వేసి, ఆయనకి మరుగుదొడ్లకీ సామాన్లు పెట్టుకునే చోటుకీ మధ్యన ఒక గది ఇచ్చింది. (గదికి కిటికీ లేదు. కృతజ్ఞతకి గాలీ వెలుతురూ తగలకూడదని కాదు. ఖాళీగా ఉన్నది అదొక్కటే.)

ఈ సంగతులేవీ తెలియకుండా ఒక మంగళవారం ఉదయం డజన్లాయన ఆ లాంజిలో అడుగుపెట్టాడు.

డజన్లాయన గుండీల టోకు వ్యాపారి. ముప్ఫై ఆరేళ్ళుగా, అంటే సరిగ్గా మూడు డజన్ల ఏళ్ళుగా, చొక్కాలకీ కోట్లకీ దిండు గలీబులకీ గుండీలు అమ్ముతున్నాడు. లోకంలో దేన్నయినా పన్నెండుతో భాగించి చూసుకోవడం ఆయన అలవాటు. పెళ్ళయి రెండున్నర డజన్ల ఏళ్ళు. నోట్లో పళ్ళు రెండు డజన్లు మిగిలాయి. స్నేహితులు అర డజను, అందులో అప్పు అడగనివాళ్ళు ఇద్దరు.

ఆ రోజు ఆయన వెళ్తున్నది యూనిఫాంలు కుట్టే పెద్ద ఫ్యాక్టరీ యజమానురాలి దగ్గరికి. ఆవిడ ఊఁ అంటే ఏడాదికి నాలుగు వేల గ్రోసుల గుండీలు. గ్రోసంటే పన్నెండు డజన్లు. అంత ఆర్డరు ఆయన కలలో కూడా ఎత్తలేదు, ఎత్తితే కల చిరుగుతుందని. అందుకే కొత్త తెల్ల చొక్కా కుట్టించుకుని, దానికి తన సరుకులోని మొదటి రకం గుండీలు పెట్టించుకున్నాడు. గుండీలవాడికి చొక్కాయే బోర్డు అన్నది ఆయన సిద్ధాంతం.

లాంజిలోకి రావడం మాత్రం వెంట వస్తున్న బావమరిది చలవ. బావమరిది దగ్గర ఒక కార్డుంది. దాని మీద తనతో పాటు ఇంకొకర్ని తీసుకురావచ్చు.

"ఇక్కడ అన్నీ ఫ్రీ బావా," అన్నాడు బావమరిది, సొంతిల్లు చూపిస్తున్నట్టు చెయ్యి చాపి. "తాగినంత కాఫీ, తిన్నంత తిండి."

"ఫ్రీ అన్నవాడు ఎక్కడో చోట తూకంలో కొడతాడురా."

"నువ్వు మారవు. కూర్చో ముందు."

కూర్చున్నాడు. ఆ సోఫాలు కూర్చున్నవాడి మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పల్లంగా ఉంటాయి. (అతిథులు తొందరగా లేచిపోవడానికి అలా చేశారని గిట్టనివాళ్ళంటారు. నిజమేమిటంటే, అంత పల్లంలో కూర్చున్నవాడు అసలు లేవలేడు.) డజన్లాయన పొట్ట ముందుకొచ్చింది, చొక్కా బిగిసింది, పై నుంచి నాలుగో గుండీ టప్పున తెగి బల్ల కిందికి దొర్లిపోయింది.

"అయ్యో, గుండీ ఊడిపోయింది బావా."

"గుండీ ఊడలేదు," అన్నాడు డజన్లాయన, ఆ స్థితిలోనూ. "దారం వదిలేసింది. ఆ రెంటికీ చాలా తేడా ఉంది."

తేడా ఉంటే ఉండొచ్చు గాని, చొక్కా మధ్యలో పొట్ట కనిపిస్తోంది. నాలుగు వేల గ్రోసుల బేరానికి గుండీ లేని చొక్కాతో వెళ్ళడమంటే, బట్టతలవాడు దువ్వెనలు అమ్మడానికి వెళ్ళడమే.

అప్పుడొచ్చింది ప్లేట్లు తీసే ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి. యూనిఫాం మీది బ్యాడ్జిలో పేరుండాల్సిన చోట 'మీ సేవలో' అని ఉంది. వంగి, బల్ల కింద నుంచి గుండీ తీసి, రెండు వైపులా తిప్పి చూసింది.

"మంచి గుండీ అన్నగారూ. మీదేనా?"

ఆ ఒక్క మాటతో డజన్లాయనకి ఆవిడ తోబుట్టువైపోయింది. "నాదేనమ్మా. నేనమ్మేదే."

ఆవిడ అటూ ఇటూ చూసి, బ్యాడ్జి వెనక గుచ్చి ఉన్న సూది బయటికి తీసింది. బల్ల మీది న్యాప్‌కిన్ అంచు నుంచి నీలం దారం పోగు ఒకటి లాగింది. "కదలకండి. కదిలితే గుండీతో పాటు మిమ్మల్నీ కుట్టేస్తాను," అని చొక్కా అంచు పట్టుకుంది.

డజన్లాయన ఊపిరి బిగబట్టి చూశాడు. నాలుగు కన్నాల్లోంచీ దారం పోనిచ్చి, గుండీకీ గుడ్డకీ మధ్య మెడలా కాస్త వదిలి, ఆ మెడ చుట్టూ ఆరు చుట్లు తిప్పి, అడుగున ముడి మీద ముడి వేసింది. ఆయన వందల మంది దర్జీలని చూశాడు. మెషీను మీద కుట్టిన గుండీ జీతానికి కుదిరిన మనిషి లాంటిది, ఎప్పుడైనా వెళ్ళిపోతుంది. ఇది అలాంటిది కాదు. చొక్కా చిరిగినా ఇది ఉంటుంది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ముగ్గురు మగపిల్లల తల్లినండి. నేర్చుకున్నదేముంది, తప్పించుకోలేకపోయాను."

ఆయన జేబులోంచి ఒక నోటు తీశాడు. ఆవిడ పాముని చూసినట్టు రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దన్నగారూ, లోపల పెట్టేయండి! పైన కెమెరా ఉంది."

"అదేంటమ్మా?"

కప్పులు సర్దుతున్నట్టు నటిస్తూ ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. మూడు నెలల పరీక్ష మీద చేరింది. ఆ సాయంత్రంతో అది ముగుస్తుంది. గడిస్తే పర్మనెంటు. కాని ఈ మూడు నెలల్లో మూడు మచ్చలు పడితే ఇంటికే. ఇప్పటికి రెండు పడ్డాయి. "ఒకాయన నూట యాభై చేతిలో పెట్టి వెళ్ళాడు. ప్రలోభం అని రాశారు. ఇంకొకాయన ఐదు బిళ్ళ సాసర్లో వదిలి వెళ్ళాడు. అతిథి తనని తాను అవమానించుకునేలా చేశానని రాశారు."

"అవమానం నీకా, ఆయనకా?"

"అది తేల్చడానికి కమిటీ వేశారు."

"మరి అందరూ ఎలా ఇస్తారమ్మా?"

"అదిగో, అందులో," అని బల్ల మీది ట్యాబు చూపించి, ట్రే ఎత్తుకుంది.

బావమరిది ముందుకు జరిగాడు. ఇది ఆయన చదువుకున్న సబ్జెక్టు. "లాంజిలో టిప్పంటే ఒక శాస్త్రం బావా. చేతికివ్వడం మోటు. చూడు, పది శాతం, పదిహేను, ఇరవై. నేనెప్పుడూ ఇరవై నొక్కుతాను. మనిషన్నాక చెయ్యి పెద్దదై ఉండాలి." నొక్కాడు. తెర మీద పువ్వులు రాలాయి. 'మీ ఔదార్యానికి ధన్యవాదాలు' అని వచ్చింది.

"దేంట్లో ఇరవై శాతంరా?"

"బిల్లులో."

"బిల్లెంత?"

"చెప్పాగా, అన్నీ ఫ్రీ అని."

డజన్లాయన కళ్ళు మూసుకుని లెక్క వేశాడు. పది శాతం వేశాడు, పదిహేను వేశాడు, ఇరవై కూడా వేశాడు. మూడుసార్లూ ఒకటే వచ్చింది. కళ్ళు తెరిచి ఆవిడ వంక చూశాడు.

"అందరూ ఇరవయ్యే నొక్కుతారన్నగారూ," అంది ఆవిడ. "చాలా మంచివాళ్ళు."

ఆవిడ పక్క బల్లకి వెళ్ళింది. డజన్లాయన కాఫీ కప్పు పక్కకి జరిపాడు. ఆయన కొట్లో ఒక ఆచారముంది. డజను కొన్నవాడికి ఒకటి కొసరు. పన్నెండుకి పదమూడు. తండ్రి నేర్పింది అదొక్కటే: అసలు కోసం వచ్చినవాడు మళ్ళీ వచ్చేది కొసరు కోసమే. మూడు డజన్ల ఏళ్ళలో ఆయన కొసరు ఇచ్చాడే గాని, పుచ్చుకున్నది లేదు. టోకువాడికి కొసరెవరు వేస్తారు? ఇవాళ ఎవరో ఒకావిడ, అడక్కుండా, ఆయన గుండీకే ఆరు చుట్ల కొసరు వేసింది. పుచ్చుకుని ఊరికే లేచిపోవడానికి ఒళ్ళు ఒప్పలేదు.

డబ్బు కదా వద్దంది, అనుకున్నాడు. సంచిలోంచి ఒక శాంపిల్ కార్డు తీశాడు. అట్టకి కుట్టిన డజను ముత్యపు రంగు గుండీలు. ఆవిడ మళ్ళీ అటు వచ్చినప్పుడు ట్రేలో రెండు కప్పుల మధ్య దాన్ని జారవిడిచి, కిటికీలోంచి విమానాలు చూడసాగాడు. గుండీల వ్యాపారి తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

నాలుగు నిమిషాల్లో మైకు పలికింది. "నాలుగో గుండీ నీలం దారంతో ఉన్న అతిథిగారు దయచేసి కృతజ్ఞతా శాఖకి విచ్చేయగలరు."

కృతజ్ఞతాధికారి చాలా మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళిచ్చాడు. ఆయన వెనక అలమరలో స్వాధీనం చేసుకున్న కృతజ్ఞతలు చీటీలు కట్టి వరసగా ఉన్నాయి. సగం చాక్లెట్టు, ఒక కలం, ఒక గొడుగు. ఎవరో పసిపిల్ల రంగు పెన్సిళ్ళతో గీసిన, ట్రే పట్టుకున్న ఆంటీ బొమ్మ కూడా ఉంది. బొమ్మకి కట్టిన చీటీ మీద 'విలువ నిర్ధారణలో ఉన్నది' అని రాసి ఉంది.

ప్లేట్లు తీసే ఆవిడ ఓ మూల నిలబడి ఉంది. "తప్పు నాదే అన్నగారూ," అంది మెల్లగా. "నాకు మేలు చేద్దామనుకుంటే నన్ను మర్చిపోండి అని ముందే చెప్పాల్సింది."

అధికారి కార్డుని రెండు వేళ్ళతో ఎత్తాడు. "దీని విలువెంత ఉంటుంది సార్?"

"ఏముంది బాబూ, అంతా కలిపి నలభై కూడా చెయ్యదు." (అధికారి అడిగితే సరుకు విలువ తగ్గించి చెప్పడం వ్యాపారికి తుమ్ములాంటిది. వచ్చాక ఆగదు.)

"నలభై," అని రాసుకోబోయాడు అధికారి. "యాభై లోపుది అవమానం కిందికి వస్తుంది. అంటే మూడో మచ్చ. పాపం, సాయంత్రం దాకా ఆగాల్సిన పని కూడా లేదు."

"ఆగాగు! అది టోకు ధర. చిల్లర కొట్లో అడిగి చూడు, నూట ఇరవైకి ఒక్క కానీ తగ్గించరు."

"వంద దాటింది ప్రలోభం సార్. అదీ మచ్చే."

"మధ్యలోదైతే?"

"యాభైకీ వందకీ మధ్యదైతే అది కృతజ్ఞత." అధికారి గొంతులో భక్తి ధ్వనించింది.

డజన్లాయన జీవితంలో ఎన్నో బేరాలు ఆడాడు. తన సరుకుకి తనే పై నుంచి కిందికీ, కింద నుంచి పైకీ బేరమాడుకోవడం మాత్రం అదే మొదలు. చివరికి డెబ్భై అయిదు దగ్గర తనకీ తనకీ కుదిరింది. ఆ ధరకి లోకంలో ఎవడూ అమ్మలేదు, ఎవడూ కొనలేదు. సాక్షి కావాలన్నారు. గుమ్మంలో నిలబడ్డ బావమరిది ముందుకొచ్చి, "మా బావ నాకెప్పుడూ ఆ ధరకే ఇస్తాడు," అని సంతకం పెట్టాడు. (ఆయన ఈ జన్మలో బావకి గుండీ డబ్బులిచ్చి ఎరగడు.)

అధికారి ముద్ర వేశాడు. ఆవిడ ఊపిరి వదిలింది. మైకులో వాళ్ళ విమానం ఎక్కవలసినవాళ్ళని పిలుస్తున్నారు.

"ఇక ఆఖరి గడి సార్. ఏ సేవకి?"

డజన్లాయన ఛాతీ విరిచాడు. నిజం చెప్పడానికి సందు దొరికిన వ్యాపారికి వచ్చే పొంగు అది. "రాసుకో బాబూ! గుండీ కుట్టినందుకు. అలాంటి కుట్టు నేను మూడు డజన్ల ఏళ్ళలో చూడలేదని కూడా రాసుకో."

మూలనున్న ఆవిడ కళ్ళు మూసుకుంది.

అధికారి కలం కింద పెట్టి, జాబితా తెరిచాడు. అనుమతించిన సేవలు పదకొండు. ప్లేటు తీయడం, కప్పు తీయడం, పళ్ళు కనిపించేలా నవ్వడం, పళ్ళు కనిపించకుండా నవ్వడం, వగైరా. కుట్టడం లేదు. "జాబితాలో లేని సేవ చేయడం ఒక మచ్చ. కుట్టడానికి సూది కావాలి. మొన ఉన్న వస్తువు దగ్గర ఉంచుకోవడం ఇంకో మచ్చ. ఇక దారం..." చొక్కా మీదికి వంగి చూశాడు. "ఇది మా న్యాప్‌కిన్ అంచు. ఆస్తి నష్టం. మొత్తం మూడు. పాతవి రెండు. ఐదు."

"ఇంటికి పంపడానికి మూడు చాలుగా!"

"చాలు సార్. మిగిలిన రెండూ ఆవిడ ఇక ముందు ఎక్కడ చేరితే అక్కడికి పంపిస్తాం. మేం ఏదీ వృథా పోనివ్వం."

డజన్లాయన లేచాడు, కూర్చున్నాడు. విమానం తలుపు మూయడానికి ఒక డజను నిమిషాలున్నాయి. "బాబూ, ముగ్గురు పిల్లల తల్లి. నేను చేసిన తెలివితక్కువ పనికి ఆవిడ నోటి దగ్గరి ముద్ద తియ్యకు. దీనికి విరుగుడే లేదా?"

అధికారి చెడ్డవాడు కాదు. నిజానికి ఇలాంటి వేళల్లో సాయం చేయడానికే ఆయన ఉన్నాడు. నియమావళి ఆఖరి పేజీ తిప్పాడు. "నలభై ఒకటో నిబంధన. సేవే జరగలేదని అతిథి రాసిస్తే అన్నీ రద్దు. జరగని పనిలో తప్పెలా జరుగుతుంది సార్?"

కాగితం ముందుకు జరిపాడు. మాటలు అచ్చు వేసే ఉన్నాయి, సంతకమే తరువాయి. 'ఈమె నాకు ఏ సహాయమూ చేయలేదు. ఈమె పని ఏదీ నా దృష్టికి రాలేదు. ఈమెకు నేను ఏ విధంగానూ రుణపడి లేను.'

వ్యాపారంలో డజన్లాయన చిన్నా పెద్దా కలిపి గ్రోసుకి తక్కువ కాకుండా అబద్ధాలాడాడు. ఒక్కటీ ఇంత బరువు తూగలేదు. ఆవిడ వంక చూశాడు.

"పెట్టేయండన్నగారూ," అంది ఆవిడ. "మంచి కాగితం అది."

పెట్టాడు.

"చాలా సంతోషం సార్," అన్నాడు అధికారి. "అయితే మరి ఆ గుండీ?"

"గుండీ ఏంటి?"

"సేవ జరగలేదు కదా. జరగని సేవ చొక్కా మీద కనిపిస్తోంది."

కత్తెర అడిగితే, మొన ఉన్న వస్తువులు లాంజిలో ఉండవన్నారు. గుండీ పట్టుకుని లాగాడు, గుడ్డ సాగింది గాని దారం కదల్లేదు. చివరికి డజన్లాయన, నాలుగు వేల గ్రోసుల బేరానికి బయల్దేరిన పెద్దమనిషి, చొక్కా అంచు పైకి లాగి, పొట్ట బయట పెట్టి, మిగిలిన రెండు డజన్ల పళ్ళతో ఆ దారం కొరకడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు తెగింది. రెండు తెగాయి. మూడోది మొండికేసింది.

"ఎడమ వైపు నుంచి కొరకండన్నగారూ," అంది మూలనుంచి ఆవిడ, ఉండబట్టలేక. "ముడి అటుంది."

అధికారి దగ్గాడు. "అమ్మా, ఇది సహాయం కిందికి వస్తుందేమో."

ఆవిడ నోరు మూసుకుంది. ఆయన ఎడమ వైపు నుంచి కొరికాడు. గుండీ వచ్చింది, దాంతో పాటు కాస్త చొక్కా కూడా. దారపు ముక్కలు అధికారి కవర్లో వేసుకున్నాడు. కార్డులోంచి ఒక గుండీ శాఖ నమూనా కింద ఉంచుకుని, పదకొండు తిరిగిచ్చాడు. డజన్లాయన గేటు వైపు పరిగెడుతూనే, కొరికిన గుండీని ఆ ఖాళీలో దూర్చి పన్నెండు చేశాడు.

ఫ్యాక్టరీ యజమానురాలు శాంపిళ్ళన్నీ ఓపిగ్గా చూసింది. తర్వాత ఆయన పొట్ట చూసింది.

"గుండీలు అమ్మేవారు, మీకే ఒకటి లేదేంటండీ? దారం తెగిందా, గుండీయే విరిగిందా?"

జీవితమంతా ఎదురు చూసిన ప్రశ్న. దీనికి ఆయన దగ్గర అరగంట జవాబుంది. కాని జవాబు చెప్పాలంటే ప్లేట్లు తీసే ఆవిడ సంగతి చెప్పాలి. జరగలేదని రాసిచ్చి వచ్చిన సంగతి.

"ఊడిపోయిందమ్మా," అన్నాడు.

యజమానురాలు ఆలోచించి, ఇక మీదట యూనిఫాంలకి జిప్పులే పెట్టుకుంటామంది.

"అసలు సంగతి చెప్పేయాల్సింది బావా," అన్నాడు బావమరిది బయటికొచ్చాక. "అక్కడి మాట ఇక్కడివాళ్ళకెందుకు?"

"ఇక్కడి మాట అక్కడికి చేరదని నువ్వు రాసిస్తావురా?"

బావమరిది సంతకాల మీద ఆ రోజుకి ఆసక్తి పోగొట్టుకుని ఉన్నాడు.

రెండు నెలల తర్వాత బావమరిది కార్డు మీదే ఇద్దరూ మళ్ళీ ఆ లాంజికి వెళ్ళారు. డజన్లాయన ఈసారి సోఫాలో కూర్చోకుండా, నిలబడే కాఫీ తాగాడు. ఆవిడ వచ్చింది. బ్యాడ్జి కొత్తది, 'మీ శాశ్వత సేవలో' అని ఉంది. ఆయన చేతిలో కప్పు తీసుకుంది. ఆయన్ని గుర్తుపట్టలేదు. ఎంత శ్రద్ధగా గుర్తుపట్టలేదంటే, ఆయన చొక్కా మీద పై నుంచి నాలుగో గుండీ ఒక్కసారి చూసి, సరిగ్గానే ఉందని తేల్చుకుని, ఆ తర్వాత గుర్తుపట్టలేదు. ఆయన కూడా, ఆవిడ తన దృష్టికి రానట్టే నిలబడ్డాడు. తర్వాత ట్యాబు దగ్గరికి వెళ్ళి ఇరవై శాతం నొక్కాడు.

బయటికి వెళ్ళే దారిలో గోడ మీద ఆవిడ ఫోటో ఉంది, అద్దం బిగించి. పళ్ళు కనిపించకుండా నవ్వుతోంది. కింద అచ్చు అక్షరాల్లో రాసి ఉంది: 'ఈ నెల ఉత్తమ ఉద్యోగిని. ఎంపికకు కారణం: నెల మొత్తంలో ఈమెకు ఒక్క అతిథి కూడా కృతజ్ఞత చెప్పలేదు.'